మూడో తాళంచెవి

ఒక తలుపుకు ఎన్ని తాళంచెవులు ఉండాలి? ఇరవై రెండేళ్ళుగా తాళంచెవులు కోస్తున్న మనిషి తనను తాను ఈ ప్రశ్న వేసుకోవడం ఇదే మొదలు. బిగింపులో ఇత్తడి ముక్క ఉంది. పక్కన బావమరిది తెచ్చిన నమూనా. భార్య వేరుగా తీసుకున్న ఇంటిది.

"ఇంకొక్కటి చాలు బావా. టీ తాగొస్తా, కోసి ఉంచు."

"ఒంటరి మనిషికి రెండోది ఎందుకురా?"

"నన్నడిగితే? పన్నెండింటికి మధ్యవర్తి దగ్గర ఎదురుపడతారుగా, అక్కనే అడుగు."

ఆకురాయి ఆడుతూండగా, అతడి ఊహలో, ఎన్నడూ చూడని ఒక మగవాడు ఆ రెండో తాళంచెవితో తలుపు తీశాడు, చెప్పులు విడిచాడు, చొక్కా మేకుకు తగిలించాడు. ఆమె నవ్వింది. తన ఇంట్లో ఏళ్ళుగా వినపడని నవ్వు.

అడిగినదానికి మించి ఒక్కటి కోసినా దొంగతనమేనని పని నేర్పినవాడు మొదటిరోజే చెప్పాడు. అతడు ఇంకో ఇత్తడి ముక్క బిగించాడు. అంచులు నున్నగా చేసే వ్యవధి లేక, మూడోదాన్ని గరుకుగానే జేబులో వేసుకున్నాడు.

మధ్యవర్తి తల నెరిసిన స్త్రీ. ఆవిడ గదిలో నియమం ఒక్కటే: ఎదుటివారి మాటను తన నోట చెప్పిన తరువాతనే ఎవరైనా తన మాట చెప్పాలి.

"పది నిమిషాలు ఆలస్యమైతే పది నిమిషాలకీ సంజాయిషీ," అంది భార్య. "విసుగొచ్చేసింది."

"రెండో తాళంచెవి ఎవరికి?" అన్నాడతడు.

"ముందు ఆవిడ మాట చెప్పండి," అంది మధ్యవర్తి.

"నేను అనుమానించానంటోంది."

"నేనన్నది అది కాదు," అంది భార్య.

అతడు బల్లకేసి చూస్తూ అన్నాడు: "ఇంటికొచ్చి... గుమ్మం ముందే నిలబడి, జవాబులు సిద్ధం చేసుకున్నాకే లోపలికొచ్చేది."

ఆమె తల ఊపింది. తరువాత, అదే గొంతుతో, "కింది వాటా పెద్దావిడకి. నాకు కళ్ళు తిరుగుతాయని తెలుసుగా. పడిపోతే తలుపు తీసేవాళ్ళుండాలి," అంది.

చొక్కా తగిలించినవాడు మాయమయ్యాడు. అసూయ మాత్రం పోలేదు. అది ఆ ముసలావిడ మీదికి జరిగి కూర్చుంది. ఇక ఆ తలుపు తీసేది తాను కాదు. ఇన్నేళ్ళూ ఈ అసూయ మగవాళ్ళ గురించేనని ఎలా నమ్మాడు?

విడిపోవడానికి ఒప్పుకుంటూ ఇద్దరూ సంతకాలు చేశారు. ఆమె సంచి భుజాన వేసుకుని లేచింది. జేబులో గరుకు అంచు అతడి వేలికి తగిలింది. ఇది తన దగ్గర ఉన్నంతకాలం ఆమె గుమ్మం ముందు నిలబడుతూనే ఉంటుంది.

"ఆగు." తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నాకోసం కోసుకున్నా. నువ్వడగలేదు."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "ఇవాళే తాళం మార్పిస్తా," అంది. గుమ్మం దగ్గర ఆగి, "ఇంకో కొట్లో," అని వెళ్ళిపోయింది.

అతడూ లేచాడు. బల్ల మీద, రాలిన పసుప్పచ్చటి రజను నడుమ, అంచులింకా నున్నబడని కొత్త తాళంచెవి ఉండిపోయింది.