అనుబంధంలో నా పేరు

"కమలా, ఈ లెటర్ కాస్త చూసిపెట్టు. నీ చెయ్యి పడితేగానీ దానికో రూపం రాదు."

ఆదివారం పొద్దున చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, మా ఆయన త్యాగరాజు లాప్‌టాప్ తెచ్చి ఇస్త్రీ బల్ల చివర పెట్టారు.

పందొమ్మిదేళ్లుగా ఆయన రాతలకు రూపం తెస్తున్నది నేనే. కెనడాలోని కాల్గరీలో ఒక ఆయిల్ కంపెనీలో లీజుల విభాగం ఆయనది. రిపోర్టులు, ప్రమోషన్ కోసం పెట్టుకున్న అప్లికేషన్లు, ఆఖరికి రిటైరైన బాస్‌కు చదివిన వీడ్కోలు ప్రసంగం కూడా వంట అయ్యాక కిచెన్ కౌంటర్ మీద నేను దిద్దినవే. "నీ ఇంగ్లిష్ ఎంత బాగుంటుందో" అని ఆఫీసులో ఎవరైనా మెచ్చుకుంటే ఇంటికొచ్చి సంబరంగా చెప్పేవారు. దాచుకునే మనిషి కాదు. ఆ మెప్పులో నాకో వాటా ఉందన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. చాలా కాలం నాకూ రాలేదు.

ఆ ఉత్తరం శాసనసభ కమిటీకి. ప్రభుత్వ భూముల్లో ఆయిల్, గ్యాస్ లీజు ఇచ్చేముందు అక్కడి గడ్డిని ఒక వేసవంతా సర్వే చేయాలనీ, తరతరాలుగా పెరిగిన ఫెస్క్యూ అనే ఇక్కడి నాటు గడ్డి ఉన్నచోట తవ్వకూడదనీ ఒక నిబంధన ఉంది. దాన్ని రద్దు చేయడానికి ఇప్పుడు బిల్లు పెట్టారు. బిల్లు మంచిదని కంపెనీ తరఫున రాసి, కమిటీ ముందు చదవడం ఆయన పని. చదువుతూ చదువుతూ మూడో పేరా దగ్గర ఆగిపోయాను. "ఈ నిబంధనకు శాస్త్రీయమైన ఆధారమేదీ లేదు" అని ఉంది.

ఇస్త్రీపెట్టె ప్లగ్ తీసేసి కూర్చున్నాను.

విశాఖపట్నంలో బోటనీ ఎమ్మెస్సీ చేసి, పెళ్లయి ఇక్కడికొచ్చిన కొత్తలో మూడు వేసవులు నేను ఆ గడ్డినే లెక్కపెట్టాను. కొండల కింది మైదానంలో చదరపు మీటరు చట్రం నేలమీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, లోపల ఉన్న ఒక్కో మొక్కనీ రాసుకునేదాన్ని. చట్రం పెట్టిన చోటును ప్లాటు అనేవాళ్లం. ఫెస్క్యూ కుదురును ఒకసారి పెళ్లగిస్తే దశాబ్దాలు గడిచినా తిరిగి రావడం కష్టం. ఎవరూ నన్ను మంచినీళ్లు కూడా అడగని గంటలు నా జీవితంలో అవే. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి హర్షిణి పుట్టాక మానేశాను. మానేయమని ఎవరూ అనలేదు. "క్యాంపులంటూ వారాల తరబడి పోతే పిల్లనెవరు చూస్తారమ్మా?" అని మా అత్తగారు ఫోన్లో అడిగారంతే. కొడుకును అడగలేదు, నన్నే అడిగారు. ఆ తర్వాత స్నేహితుల ఇళ్లలో "మా ఆవిడ కెనడా వచ్చి గడ్డి పీకింది" అని ఈయన జోకేస్తే, అందరితోపాటు నేనూ నవ్వుతూ వచ్చాను.

మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే నిఖిల కరీంనగర్ పిల్ల. కాలేజీలో ఎన్విరాన్‌మెంట్ డిప్లొమా చదువుతూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తుంది. ఆ మధ్యాహ్నం షిఫ్ట్ కాగానే, యూనిఫాం కూడా మార్చుకోకుండా పైకి వచ్చింది.

"ఆంటీ, ఈ బిల్లు మీద మాకు అసైన్‌మెంట్ ఇచ్చిన్రు. పాత సర్వే రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసిన. లాస్ట్‌ల చూడుండ్రి, ఇది మీరేనా?"

రిపోర్టు చివర అనుబంధంలో, సన్నటి అక్షరాల్లో ఫీల్డ్ సహాయకుల జాబితా. నాలుగో వరుసలో నా పేరు, కమలకుమారి. పక్కనే, నూట పన్నెండు ప్లాట్లు.

"నేనే" అన్నాను.

"అయ్యో ఆంటీ, మీరు లెక్కపెట్టిన గడ్డి మీదనే ఈ రూల్ పెట్టిన్రు! సైంటిస్ట్ అని నాకు ఒక్కసారన్నా చెప్పలే మీరు!"

నాకూ ఎవరూ చెప్పలేదు తల్లీ, అనుకున్నాను. దాని తల నిమిరి, ఇంత ఉప్మా పెట్టిచ్చాను. అది తింటుండగా కమిటీ వెబ్‌సైట్ తెరిచాను.

సాయంత్రం మా ఆయనతో, "ఈ లెటర్ నేను దిద్దనండీ" అన్నాను.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. మూడో పేరా నిజం కాదు. ఆ ఆధారం తెచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. గురువారం కమిటీ ఇక్కడికి వస్తోంది కదా, మాట్లాడతానని పేరిచ్చాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికయ్యేది. మెల్లగా సోఫాలో కూర్చుని, "మా వాళ్లందరూ అక్కడే ఉంటారు కమలా. మొన్న మా ఫ్లోర్‌లో ఆరుగురిని తీసేశారు. నాకు యాభై నాలుగు" అన్నారు.

ఆ భయం నేనెరుగుదును. లోగడ ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నప్పుడు, రోజూ పొద్దున టై కట్టుకుని లైబ్రరీకి వెళ్లి కూర్చునేవారు. అప్పుడు గ్రోసరీ స్టోర్‌లో నిలబడి పనిచేసి నేను ఇల్లు నడిపాను. ఆయన చెయ్యి పట్టుకుని, "మీ కంపెనీ ఊసెత్తను. గడ్డి గురించే చెబుతాను" అన్నాను. అంతకుమించి తగ్గలేకపోయాను.

గురువారం నిఖిల షిఫ్ట్ మార్చుకుని నాతో సిటీ రైలు సీట్రెయిన్‌లో వచ్చింది. నా వంతు రాగానే కమిటీ అధ్యక్షుడు, "మీరు ఏ సంస్థ తరఫున వచ్చారు?" అని అడిగాడు.

"ఏ సంస్థా లేదు. ఆ ప్లాట్లలో నూట పన్నెండు నేనే లెక్కపెట్టాను."

కాగితం బల్ల మీద పెట్టేశాను. ఆయిల్ బావికని వేసి, నేను చూసేనాటికే ముప్పయ్యేళ్ల కిందట వదిలేసిన ఒక లీజు రోడ్డు గురించి చెప్పాను. దానికి రెండు పక్కలా ఫెస్క్యూ మోకాలెత్తు ఉండేదనీ, రోడ్డు మీద మాత్రం ఒక్క కుదురైనా మొలవలేదనీ, నా కళ్లతో చూసింది చూసినట్టు చెప్పాను. ఇన్నేళ్లూ వేరే మనిషి నోట పలికిన నా ఇంగ్లిష్ ఆరోజు నా గొంతులో వినపడింది.

నా తర్వాత ముగ్గురు మాట్లాడాక మా ఆయన లేచారు. తనంతట తాను రాసుకున్న ఉత్తరం. అక్కడక్కడా తడబడ్డారు. సర్వేకు చాలా కాలం పడుతోందన్నారు, పనులు ఆగిపోతున్నాయన్నారు. మూడో పేరాలోని ఆ వాక్యం ఎప్పుడొస్తుందా అని విన్నాను. అది రాలేదు.

తిరుగు రైల్లో ముగ్గురం కలిసి వస్తుంటే, "తీసేశారే?" అని అడిగాను.

"లెటర్ పొడుగైందని ఆఫీసులో చెప్పి కోసేశాను" అన్నారు కిటికీలోకి చూస్తూ. అంతలోనే, "ఆధారం లేదని చదివితే, ఆ ఆధారం పక్క వరుసలో కూర్చునుంది కదా అంటారేమోనని" అన్నారు. నిఖిల కిసుక్కున నవ్వింది. ఆయనా నవ్వారు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, "నూట పన్నెండని నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు" అన్నారు.

మీరు అడగలేదు అనబోయి, ఆ ముఖం చూసి, ఆ ప్లాట్లు ఎక్కడెక్కడ ఉండేవో చెప్పడం మొదలుపెట్టాను.

మార్చిలో బిల్లు పాసైంది. నిబంధన పోయింది. ఆయన ఉద్యోగం మాత్రం ఉంది. ఆరోజు నిఖిల మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "అన్నీ చెప్పినా ఇంతేనా ఆంటీ?" అంటే, టీ కలిపి దాని చేతికిచ్చాను. వారం తర్వాత, కమిటీ ముందు నా మాటలు విన్న ఒక పచ్చికబయళ్ల పరిరక్షణ సంఘం వాళ్లు ఫోన్ చేశారు. కొత్త లీజులు ఇచ్చేలోగా ఆ పాత ప్లాట్లన్నీ మళ్లీ లెక్కపెట్టి రికార్డు చేయాలనీ, నలుగురు కాలేజీ పిల్లల్ని తోడిస్తామనీ, సర్వే బాధ్యత నన్ను తీసుకోమనీ అడిగారు. ఆ నలుగురిలో ఒకరిగా నిఖిల అప్పుడే అప్లై చేసింది.

భోజనాల దగ్గర మా ఆయనకు పులుసు వడ్డిస్తూ చెప్పాను.

"జూన్‌లో ఆరు వారాలు నేను క్యాంపులో ఉంటానండీ."

ఆయన అన్నం కలపడం ఆపి తలెత్తి చూశారు. వెళ్లనా అని నేను అడగలేదని, ఆయన అలా చూశాకగానీ నాకే తెలియలేదు.