రెండో సెన్సారు

సాంబారులో తాలింపు వేస్తుంటే షెడ్డులోంచి మా ఆయన కేక. "ఏమే గోవిందమ్మా, మీటరు పట్టుకుందువు రా!"

స్టవ్వు ఆర్పి వెళ్ళాను. అంబత్తూరులో మా ఇంటి వెనకే ఆయన కార్లు బాగుచేసే షెడ్డు. పెట్రోలు తామే కొలిచి పోసుకునే ఈ కొత్తరకం ఇంజక్షన్ బండ్లు వచ్చినప్పటినుంచీ వంటతో పాటు నాకీ పనీ తగిలింది. ఆయన యాక్సిలరేటరు తొక్కుతారు, నేను వంగి, పొగలో గాలిని కొలిచే ఆక్సిజన్ సెన్సారు వైరుకు మీటరు ఆనించి అంకె చదువుతాను. సెన్సారు మంచిదైతే అంకె ఒకచోట నిలవదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. జ్వరంతో పడుకున్న బిడ్డ రొమ్ము చూసినట్టు కళ్ళార్పకుండా చూస్తాను. అంకెలకు ఎనిమిదో తరగతి చదువు చాలు. వచ్చినవాళ్ళతో మాత్రం, "మా ఇంటామె సుమ్మా, ఊరికే పట్టుకుంటాది, అంతే" అంటారు.

నాగప్పన్ గారి బండికి ఇది రెండో కొత్త సెన్సారు. అయినా అంకె అడుగునే పడి ఉంది. వెనక నల్లపొగ.

"ఇదీ డూప్లికేటే," అన్నారాయన.

"రెండూనా? ఇంకేమన్నా ఉండాదేమో. బండెక్కితే చంటిబిడ్డ వాంతి చేసుకుంటాదని నాగప్పన్ గారి కోడలు చెప్పలా?"

"నీకు అన్నిటికీ భయమే. పాలు పొంగితే ఇల్లు కాలిపోతాదంటావు." మా అత్త మాట. ఆవిడ పోయినా అది ఇంట్లోనే ఉండిపోయింది.

ఆయన స్నానానికి వెళ్ళారు. ఆరునెలల పసిది, వెనక సీట్లో పడుకోబెడతారు. నేను వంటింట్లోకి పోలేదు. ఇంజను ఆడుతూనే ఉంది. తడిగుడ్డ ముద్దచేసి పొగగొట్టానికి అడ్డం పట్టాను. ముందువైపు, సెన్సారుకు పైన, గ్యాస్కెట్టు పోయిన కుక్కరులా బుస్సుమంది. అక్కడ గొట్టం జాయింటు చుట్టూ మసి. బయటిగాలి దూరేదీ, పొగ బండిలోకి ఎక్కేదీ అక్కడినుంచే. ఆ గాలికే సెన్సారు అంకె దించింది, అది చూసి బండి పెట్రోలు ఎక్కువ తాగి నల్లపొగ వదిలింది; సెన్సారు పాపం ఉన్నదే చెప్పింది.

ఆయన్ని పిలిచి చూపించాను. తల తుడుచుకుంటూ వంగి చూశారు.

"సరే, సోమవారం మారుస్తా. ఇప్పుడు తీసుకుపోనీ. నోరెత్తబాక, రెండు సెన్సార్లు మార్చినోణ్ణి, పరువు పోతాది."

ఐదింటికి నాగప్పన్ గారు కోడలితో, బిడ్డతో వచ్చారు. బండి తాళం ఎక్కడని ఆయన బల్లంతా వెతుకుతున్నారు. అది నా కొంగుముడిలో ఉంది.

"బండి ఇప్పుడు ఇయ్యను సార్. పొగ లోపలికి వస్తా ఉండాది. బిడ్డను ఎక్కించొద్దు."

నాగప్పన్ గారు ఆయన వైపు చూశారు. "ఎవురు చూసినారు?"

ఆయన నోరు తెరిచే లోపే చెప్పాను.

"నేనే సార్. భయమేసి చూసినా."