బుట్టపిడిలో చెయ్యి

చిక్కడపల్లిలో గానసభ వెనక సందులో బాలకిషన్ కార్ఖానా ఉండేది. పొద్దున్న ఏడు కొట్టకముందే అక్కడ సుత్తి చప్పుడు మొదలయ్యేది. సందులో సగం మంది ఆ చప్పుడుకే లేచి, తిట్టుకుంటూ పాలపాకెట్లకు బయలుదేరేవాళ్లు. బాలకిషన్ నాన్న కాలంలో అక్కడ నాటకాలకు గదలు, కిరీటాలు, రేకు కత్తులు చేసేవారు. నాటకాలు తగ్గిపోయి రాముడికీ రావణుడికీ కూడా పని లేకుండా పోయాక, బాలకిషన్ ఖాళీగా కూర్చునే రకం కాదు కనుక, బొంబాయి ఏజెంటు ఒకాయన్ని పట్టుకుని స్కాట్లాండ్ కత్తుల పనిలో దిగాడు. గోడకు తగిలించుకునే కత్తులు. చూడ్డానికి పాతకాలం వాటిలాగే ఉంటాయి గానీ పదును మాత్రం ఉండదు. వాటితో ఉల్లిగడ్డ కూడా తెగదని ఆయన భార్య యశోదమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

తొంభై ఐదు చలికాలంలో ఒకేసారి అరవై కత్తులకు ఆర్డరొచ్చింది. వచ్చే ఏప్రిల్‌కు స్కాట్లాండ్‌లో కల్లోడెన్ అనే మైదానంలో యుద్ధం జరిగి రెండువందల యాభై ఏళ్లు నిండుతాయట. ఆ సంగతి చెప్పింది రాజేశం. అతను అశోక్‌నగర్ లైబ్రరీలో క్లర్కు, వీళ్లకు దూరపు చుట్టం, నలభై దాటిన మనిషి. ఏజెంటు పంపే ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టడం అతని పని. కాగితాలు చదివి ఊరుకోకుండా లైబ్రరీలో లావుపాటి పుస్తకాలు వెతికి మరీ కథ చెప్పేవాడు. అక్కడి కొండజనం పిడి చుట్టూ ఇనప బుట్ట అల్లిన కత్తులు పట్టుకుని తుపాకుల మీదికి పరుగెత్తారనీ, గంట తిరక్కుండానే అంతా అయిపోయిందనీ, తర్వాత కత్తి పెట్టుకోకూడదని చట్టమొస్తే కొందరు ఇంటికప్పు గడ్డిలో దాచుకున్నారనీ చెప్పాడు. ఆ కత్తుల అలుగులు, అంటే పిడి పోను మిగిలిన ఇనప పట్టీలు, చాలా మటుకు జర్మనీలో చేసినవేనట. వాటి మీద పాతకాలపు ఇటలీ కమ్మరి పేరు కొట్టి అమ్మేవాళ్లట. ఇప్పుడు అదే పేరు చిక్కడపల్లిలో బాలకిషన్ కొడుతున్నాడు.

"పోలీస్ యాక్షన్ అప్పుడు మా నాయిన గూడ భయపడి నాటకం కత్తులు బొగ్గుల బస్తాల దాచిండు," అన్నాడు బాలకిషన్. ఆ కొండజనం ఆయనకు అప్పట్నుంచీ సొంతవాళ్లయిపోయారు.

ఆ పిడిని కార్ఖానాలో బుట్టపిడి అనేవాళ్లు. బుట్టకు మేకులు బిగించిన క్షణం నుంచీ, అందులో ఎవరైనా చెయ్యి పెడితే లోపల ఇంకో చెయ్యి తగిలేది. చనిపోయినవాళ్ల చెయ్యి. ఎవరిని తలుచుకుని పెడితే వాళ్లది. సందులోవాళ్లకు ఇది మామూలే. కత్తులు పెట్టెల్లోకి ఎక్కేలోపు వచ్చి, కాసేపు పట్టుకుని పోయేవాళ్లు. సత్తవ్వ కూరగాయల సంచీ గుమ్మంలో పెట్టి, లోపలికొచ్చి మొగుడి చెయ్యి పట్టుకుని, కోడలి మీద చాడీలన్నీ చెప్పుకుని వెళ్లేది. బతికున్నవాళ్ల చెయ్యి మాత్రం ఎప్పుడూ తగల్లేదు. మిలిటరీలో కొడుకు పోయాడని ఎవరో చెబితే మాసమ్మ ఏడుస్తూ వచ్చి చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. మూడు నెలలకు ఆ కొడుకు ట్రంకుపెట్టెతో దిగాడు. అప్పటినుంచి ఎవరికీ సందేహం లేదు.

బాలకిషన్ కూతురు నళిని ఆ బుట్టలకు లోపల ఎర్రబట్ట కుట్టేది. ముప్పై ఒకటి నిండాయి. ఆ పనికి ఒక చెయ్యి బుట్టలో పెట్టి బట్టను లోపలినుంచి ఒత్తి పట్టుకోవాలి, రెండో చేత్తో కుట్టాలి. అలా చేస్తే గంట పని. నళిని అలా చేసేది కాదు. కొంకిలా వంచిన దబ్బనం ఒకటి పెట్టుకుని, బయటినుంచే కమ్మీల సందుల్లో దూర్చి తీసి, ఒక్కో బుట్టకు పూట గడిపేది. ఆర్డరు ఎంత తొందరదైనా బాలకిషన్ ఆమెను ఒక్క మాట అనలేదు.

ఎందుకో అందరికీ తెలుసు. ఆరేళ్ల కింద వాళ్ల మేడ మీది గదిలో శ్రావణ్ అని జగిత్యాల వైపు పిల్లవాడు కిరాయికుండి గ్రూప్ టూకు చదివేవాడు. లైబ్రరీకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కార్ఖానా ముందు ఆగేవాడు. నౌకరీ వస్తే మీ నాయినతో మాట్లాడతానని నళినితో అన్నాడు. ఒకసారి ఇంటికెళ్లి వారంలో వస్తానని పోయినవాడు మళ్లీ రాలేదు. ఆ రోజుల్లో అటువైపు ఊళ్లకు పోయిన మగపిల్లల గురించి పేపర్లో ఎన్‌కౌంటరనో అరెస్టనో ఏదో ఒకటి వచ్చేది. నళిని రోజూ పేర్లు వెతికేది. రాసిన రెండు ఉత్తరాలూ తిరిగొచ్చాయి. మూడోది రాయలేదు.

ఇప్పుడు రాజేశం ఆమెను పెళ్లికి అడిగాడు. తనే అడగలేక బాలకిషన్‌తో అడిగించాడు. అతని భార్య భూదేవి చనిపోయి నాలుగేళ్లు. కాగితాలు చదివే వంకతో వచ్చినా, భూదేవి చెయ్యి పట్టుకోవడానికే వస్తాడని ఎవరికి తెలియదు? ఆ మాట అతను దాచలేదు. భూదేవిని మర్చిపోయానని అబద్ధం చెప్పనని, ఆలోచించుకుని, కత్తులు తీసుకుపోయే లారీ వచ్చేలోపు ఏదో ఒకటి చెబితే చాలని కబురు పెట్టాడు. యశోదమ్మ వారం రోజులుగా కూతురి వెనక తిరుగుతోంది. నళిని ఏమీ చెప్పలేదు. అవునంటే శ్రావణ్‌ను తన నోటితో చంపినట్టవుతుందని ఆమెకు అనిపించేది.

మర్నాడు లారీ. యాభై తొమ్మిది కత్తులు గడ్డిలో చుట్టుకుని పెట్టెల్లో పడుకున్నాయి. ఆఖరిదాని బట్ట సగం కుట్టి ఉంది. సాయంత్రం ఐదున్నరకు రాజేశం సైకిల్ దిగి లోపలికొచ్చాడు.

"నళిని గారూ, ఆ కత్తి జర ఇటియ్యిండ్రి."

ఇచ్చింది. అతను స్టూలు మీద కూర్చుని చెయ్యి లోపల పెట్టాడు. ఎప్పుడూ మాట్లాడనివాడు ఆ రోజు మాట్లాడాడు.

"భూదేవీ, రేపు లారీ పోతది. నేను గూడ ఇంక రాను. నళిని గారు ఏం చెప్పినా సరే, నేనైతే రాను. ఏమనుకోకు."

నళిని చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషికి సెలవు తీసుకోవడానికి ఒకరున్నారు. తను ఆరేళ్లుగా అది కూడా లేకుండా కూర్చుంది. ఈర్ష్య పుట్టింది ఆమెకు. సిగ్గుపడేంత ఈర్ష్య. రాజేశం చెయ్యి బయటికి తీసి కత్తి తిరిగి ఇవ్వగానే, దబ్బనం పక్కన పెట్టేసింది.

"నేను గూడ చూస్త," అంది.

బాలకిషన్ సుత్తి ఆపేశాడు. నళిని కళ్లు మూసుకుంది. నారాయణగూడ చౌరస్తాలో ఒకసారి శ్రావణ్ ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. దాటిన తర్వాత కూడా వదల్లేదు. ఆ చేతినే తలుచుకుంటూ వేళ్లు లోపలికి పోనిచ్చింది. బట్ట తగిలింది. ఇనుము చల్లగా తగిలింది. కాసేపు ఆగింది. వేళ్లు విప్పి మూలమూలా తడిమింది. ఇనుము తన చేతి వేడికే వెచ్చబడేదాకా ఆగింది.

ఎవరూ లేరు.

బతికున్నాడు. ముందు సంతోషమే వచ్చింది. బతికే ఉన్నాడు, ఎక్కడో అన్నం తింటున్నాడు, ఈ చలికి స్వెట్టర్ వేసుకుంటున్నాడు. పోస్టాఫీసు ఉన్న ఊళ్లోనే ఉండి ఉంటాడు. ఆ ఆలోచన దగ్గర సంతోషం ఆగిపోయింది.

"ఖాళీగున్నది," అంది తండ్రి వైపు చూసి.

"అయితే బతికున్నడన్నట్టు," అన్నాడు రాజేశం. "మంచి మాట." మనస్ఫూర్తిగానే అన్నాడు. అని, లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. "నేను పోయొస్త మరి."

"కూసోండ్రి," అంది నళిని.

అతను సంచీతోనే కూర్చున్నాడు.

"ఆయన పోయిండేమో అని భయపడుకుంట ఆరేండ్లు ఉన్న. నిజంగ పోయుంటే బతుకంత ఇట్లనే ఉండేదాన్ని. పోయినోళ్లకు రానీకె దారి లేదు. బతికున్నోనికి దారున్నది గద? రాలే. ఇంక నేనెందుకు ఎదురు చూడాలె?"

మాట పూర్తయ్యాక ఆమెకు ఏడుపొచ్చింది. ఆరేళ్లలో రానిదంతా ఒక్కసారే వచ్చింది. దగ్గరికి వెళ్లాలో వద్దో తెలియక రాజేశం సంచీ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. యశోదమ్మ తెచ్చిన టీ చల్లారిపోయింది. ఆమె తీసుకెళ్లి మళ్లీ వేడి చేసుకొచ్చింది.

నళిని కొంగుతో మొహం తుడుచుకుని కత్తి అతని వైపు జరిపింది.

"సంబంధం మాట్లాడనీకె ఆదివారం మీ అక్కను రమ్మనుండ్రి. భూదేవక్కకు ఇంక రానంటిరి గద, వస్తనని చెప్పుండ్రి. మళ్ల ఆర్డరొస్తది."

రాజేశం కత్తిని ఒళ్లోకి తీసుకున్నాడు. చెయ్యి లోపల పెట్టి, చాలా నెమ్మదిగా ఆ మాట చెప్పాడు.