గేర్లు లేని బండి

టూ స్ట్రోక్ ఇంజిన్ సంగతి నన్నడగండి, చెబుతాను. మలక్‌పేటలో వంటా వార్పూ చూసుకునే నాగమణికి ఆ గోల దేనికంటారా? నా తమ్ముడు ఏడుకొండలు నేర్పించాడు, తన బతుకు తగలేసుకుని మరీ.

రెండువేల ఒకటిలో వాడు లక్షణమైన ఉద్యోగం మానేసి గోవా నుంచి పాత వాటర్ స్కూటర్ కొనుక్కొచ్చాడు. మీరాలం చెరువులో జనాన్ని ఎక్కించుకు తిప్పడానికి ఒక్కరికే అనుమతి ఇస్తామన్నారు టూరిజం వాళ్ళు. పోటీకి దిగింది మనీష్, స్పేర్‌పార్టుల షాపు సేఠ్ కొడుకు. ఇద్దరి బళ్ళూ నీళ్ళలో నడిపి చూసి తేలుస్తారట. అనుమతి రాకపోతే మావాడికి ఉద్యోగమూ లేదు, వ్యాపారమూ లేదు.

"స్పీడులో వాణ్ణి చిత్తు చేయాలక్కా" అంటూ ఇంజిన్ విప్పి, సిలిండర్ సంచిలో వేసుకుని జహనుమా బయల్దేరాడు. నేనూ వెంటపడ్డాను. అక్కడ విశ్వేశ్వర్ అని మెకానిక్. పందేల కుర్రాళ్ళ బైకులన్నీ ఆయన చేతిలో పడాల్సిందే.

ఆయన సిలిండర్‌ని వెలుగుకెత్తి, లోపలి గోడకున్న కంతలు చూపించాడు. "గివి పోర్టులు, చెల్లె. పిస్టన్ కిందికి పోతాంటే తెరుసుకుంటయి. ఒకదాంట్లకెల్లి పొగ బయటికి పోతది, కడమవాట్లకెల్లి కొత్త పెట్రోలు లోపటికొస్తది. పొగ పోయేదాన్ని జర పైకి గీకితే జల్ది తెరుసుకుంటది. ఇంజిన్ మస్తు తిరుగుతది. బైకులు గిట్లనే గెలుస్తయి."

"ముందే తెరుచుకుంటే బలం కూడా ముందే పోదా అన్నా? ఉడక్కముందే కుక్కర్ వెయిట్ ఎత్తేసినట్టు?"

"తక్కువ స్పీడుల పోతది. ఒక గేరు దించితే మల్ల లేస్తది."

"దీనికి గేర్లు లేవు కదా! నా మోపెడ్‌కీ లేవు. వెనక మా ఆయన కూర్చుంటే ఎత్తు ఎక్కలేక ఏడుస్తుంది."

ఇద్దరూ పకపకా నవ్వారు. "మోపెడంట! నీళ్ళల్ల ఎత్తేడుంటది చెల్లె? ఫికర్ చెయ్యకు" అన్నాడు ఆయన. "నువ్వూరుకో అక్కా, నీకేం తెలుసు" అన్నాడు వీడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆయన గీకడం మొదలుపెట్టాడు.

పరీక్ష రోజు వాడొక్కడే ఎక్కి నడిపాడు. అబ్బో, ఏం దూసుకుపోయాడని! గట్టు మీద జనం ఈలలు వేశారు. నేను కూడా చప్పట్లు కొట్టాను, సిగ్గు లేకుండా. అప్పుడు ఆఫీసరు, "బాగుందయ్యా, ఇక ఇద్దర్ని ఎక్కించుకుని రా" అన్నాడు.

ఇద్దరు భారీ మనుషులు వెనక కూర్చున్నారు. బండి తోక మునిగి ముక్కు పైకి లేచింది. నీళ్ళలోంచి పైకి లేస్తే గానీ అది పరుగెత్తదు. నీళ్ళల్లో ఎత్తంటే అదే! ఇంజిన్ మూలిగింది, గొణిగింది, ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు, మళ్ళీ ఆగింది. మనీష్ బండి ఇంజిన్‌లో ఎవరూ చెయ్యి పెట్టలేదు. అది గేదెలా నింపాదిగా వెళ్ళింది, కానీ ఇద్దర్నీ మోసుకు తిరిగొచ్చింది. అనుమతి వాడికే ఇచ్చారు.

జహనుమా వెళ్ళి విశ్వేశ్వర్‌ని కడిగిపారేశాను. "ఒక్కడెక్కితే ఉరికిందా లేదా? నా పని నేను చేసిన. గీకినంక మల్ల అతుకు పెట్టమంటవా, ఏంది?" అన్నాడు. అక్కడే ఉన్న మా వెర్రి వెంగళప్ప, "ఆయన తప్పేం లేదక్కా" అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. తర్వాత ఏడుపొచ్చింది.

ఆ మరుసటి వేసవిలో మా అమ్మాయి సాయిప్రియ మొండికేస్తే చెరువుకు తీసుకెళ్ళాను. మనీష్ బండి మీద కూర్చుని ఉన్నాడు. మా తమ్ముడు పిల్లకి లైఫ్ జాకెట్ కట్టి, ఎత్తి వెనక కూర్చోబెట్టి, "సార్, రెడీ" అన్నాడు. నిన్నగాక మొన్నటిదాకా "ఒరే" అన్న నోరు అది.

"నువ్వు నడపవా మావయ్యా?" అంది పిల్ల.

"నన్ను నడపనివ్వరమ్మా. తోసేది నేను" అన్నాడు వాడు నవ్వుతూ. నడుంలోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులా ఆ బండిని ముందుకు తోశాడు.