ఆరు గేర్ల బాక్సు

తాడేపల్లిగూడెం లారీ షెడ్లలో ఎలీయాజరు చేతికి తిరుగులేదని అందరూ ఒప్పుకుంటారు. ఆకివీడులో మాత్రం ఆయన్ని చెరువు మేస్త్రీ అంటారు. ఆ పేరు చెవిన పడితే ఆయన తల తిప్పడు. తొమ్మిదేళ్లుగా ఇదే వరస.

తొంభై అయిదులో ఆయన ఇంజను మార్చి ఇచ్చిన చేపల లారీ, ఆకివీడులో నిండు లోడుతో చెరువు గట్టెక్కుతూ సగంలో ఆగి, వెనక్కి జారి నీళ్లలో కూలబడింది. మంచులో సర్దిన చేపలన్నీ మళ్లీ పుట్టింటికే చేరాయి. డ్రైవరు బెంజమిన్ దూకి బతికాడు. "క్లచ్చి తొక్కడం రాకపోతే నేనేం చేత్తానండీ" అని ఎలీయాజరు నలుగురిలో అనేశాడు. ఓనరు ఆ మాట నమ్మి బెంజమిన్‌ని పనిలోంచి తీసేశాడు. జనం మాత్రం మేస్త్రీకే పేరు పెట్టారు. జనం అంత తేలిగ్గా మోసపోతారా?

రెండువేల నాలుగులో ఆకివీడు నుంచి నరసరాజు గారనే మరో ఓనరు తన పాత లారీ తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టారు. స్టీరింగు దగ్గర నుంచి దిగింది బెంజమిన్. ఎలీయాజరు చూసీ చూడనట్టు బానెట్ ఎత్తాడు.

"యాక్సిడెంటయిన బండిది టర్బో ఇంజను కొన్నానండీ" అన్నారు రాజు గారు. "పాత గేర్ బాక్సే ఉంచేసి, వెనక ఇరుసులో స్పీడు క్రౌను చక్రం వేసెయ్యండి. మంచు కరిగే లోపు హౌరా చేరాలి."

"క్రౌను వేద్దామండీ. అయితే బాక్సు కూడా మార్చాలండి. ఆ ఇంజనుతో వచ్చే ఆరు గేర్లది తెప్పించండి."

"ఎందుకండీ? మనకేవన్నా కొండలున్నాయా? ఏలూరు నుంచి ఆకివీడు దాకా చాప పరిచినట్టుంటుంది. ఇంత ఇంజను, ఏ గేరయినా లాగేస్తుంది."

ఎలీయాజరు సుద్దముక్క తీసి నేల మీద రెండు చక్రాలు గీశాడు. "పాత క్రౌనుకి టైరు ఒక్క చుట్టు తిరగాలంటే బాక్సు నుంచి వెనక్కొచ్చే షాఫ్టు దాదాపు ఏడు చుట్లు తిరుగుద్దండి. స్పీడు క్రౌనుకి ఆరు కూడా తిరగదు. రోడ్డు మీద పరుగు బావుంటాది గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గిపోద్ది. ఆ తగ్గింది మొదటి గేరులో పూడ్చుకోవాలి. ఆరు గేర్ల బాక్సులో మొదటి గేరు నత్తలా నడుత్తాది, దున్నపోతులా లాగుద్ది."

"షాఫ్టు కొయ్యాలి, బాక్సు కింద బెడ్డు జరపాలి. ఎవరూ చెయ్యని పని మీకెందుకండీ మేస్త్రీ గారూ?"

సరేనంటే పోయేది. బండి జారితే డ్రైవరు మీదికి నెట్టేయొచ్చు, పాత అలవాటేగా. కానీ ఆ డ్రైవరు రెండడుగుల దూరంలో నిలబడి చేతిగుడ్డ మడతపెడుతున్నాడు. ఎలీయాజరుకి సిగ్గేసింది. తొమ్మిదేళ్ల సిగ్గు ఒక్కసారే వచ్చి పడింది.

"నేను చేసి చూశానండీ" అన్నాడు. "తొంభై అయిదులో ఇలాగే పాత బాక్సు ఉంచి స్పీడు క్రౌను వేశాను. మనకి కొండల్లేవనే అనుకున్నానండి. చెరువు గట్టు గుర్తు రాలేదు. బండి జారింది నా వల్లేనండీ. బెంజమిన్ తప్పు ఆవగింజంత లేదు."

బెంజమిన్ మడతపెట్టిన గుడ్డ విప్పి, మళ్లీ మడత పెట్టాడు. రాజు గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అయితే ఆరు గేర్లే పెట్టండి" అన్నారు.

మర్నాడే ఎలీయాజరు ఆకివీడు బస్సెక్కి, తాపీ పనివాళ్లు మట్టం చూసే నీళ్ల గొట్టంతో ఆనాడు బండి జారిన గట్టు వాలు కొలిచాడు. చూసినవాళ్లు పడీ పడీ నవ్వారు. నవ్వనిచ్చాడు. ఏలూరులో లేతు పెట్టుకున్న రిజ్వాన్ దగ్గర షాఫ్టు కోయించి, దగ్గర కూర్చుని బ్యాలెన్సు చేయించాడు. తొమ్మిదో రోజుకి బండి సిద్ధమైంది.

లోడు ఎత్తే రోజు పొద్దున ఆ చెరువు దగ్గరే వలలు లాగేవాళ్లు, మంచు కొట్టేవాళ్లు పని ఆపి మరీ నిలబడ్డారు. చేపలతో, మంచుతో లారీ స్ప్రింగు పట్టెలు కిందికి వంగిపోయాయి. ఎలీయాజరు గట్టు కింద ఓ పక్కన నిలబడ్డాక, బెంజమిన్ బండి కదిపాడు. సగం గట్టెక్కాక, సరిగ్గా ఆనాడు జారిన చోటే, బ్రేకు తొక్కి ఆపేశాడు.

ఎవరూ ఆపమనలేదు. ఎలీయాజరు ఒక్కడుగు ముందుకేశాడు.

బెంజమిన్ కిటికీలోంచి వెనక్కి చూశాడు. మేస్త్రీ ముఖం చూశాడు. తర్వాత మొదటి గేరు వేసి, తీరిగ్గా క్లచ్చి వదిలాడు. టైర్లు మట్టిని పట్టుకున్నాయి. లారీ అంగుళం కూడా వెనక్కి రాలేదు. రొద పెట్టకుండా, ముక్కకుండా గట్టెక్కి రోడ్డు మీద నిలబడింది.

ఎలీయాజరుకి ఛాతీ పట్టనంత గర్వం వచ్చింది. అది గేరు చూసో, డ్రైవరుని చూసో చెప్పమంటే ఆయన చెప్పలేడు.

"రండి, చెరువు మేస్త్రీ గారండీ! గూడెం దాకా దింపేత్తాను!" పైనుంచి బెంజమిన్ కేకేశాడు.

గట్టు మీద జనం గతుక్కుమన్నారు. ఎలీయాజరు మొదటిసారి ఆ పేరుకి తల తిప్పాడు.

"వత్తన్నానయ్యా, ఉండు!" అన్నాడు, చెరువు అవతలి గట్టుకి కూడా వినబడేలా.