నాలుగో చీలిక

మళ్లీ అదే, మళ్లీ తళతళలాడే బానెట్టే, దాని పక్కన బండికి తానే పురుడు పోసినట్టు పళ్లికిలించే ఓనరు, ఈ ఫోటో నూటపదమూడోదో పద్నాలుగోదో, రేకుపని మేస్త్రికి లెక్క తప్పింది, పాత కార్లు బాగుచేసేవాళ్లమంతా మన ఫోటోలు కంప్యూటర్లో ఒకచోట దాచుకుందాం, రేపు ఎవరికి ఏ భాగం దొరక్కపోయినా చూసి చేయించుకుంటారు అని క్లబ్బు పెద్ద, ఆ పళ్ల డాక్టరు, చెప్పినప్పుడు నిజమేననుకున్నాడు, తీరా చూస్తే ఇదీ, పైన పటారం లోన లొటారం, ఒక్కడంటే ఒక్కడు బండి కిందికి దూరి ఫ్లోరు రేకు ఫోటో తీస్తే ఒట్టు, డోరు లోపల నీళ్లు దిగే బెజ్జం ఎక్కడుందో చూపించడు, తన మొహం కనిపించేదాకా పాలిషు పట్టించి అప్పుడు తీస్తాడు, ఛీ, ఏడో తరగతిలో బడి మానేసిన తనకున్న ఇంగితం లేదు ఈ చదువుకున్నవాళ్లకి, బావా, ఊరికే ఛీ ఛీ అనకు, తుంపర్లు స్క్రీను మీద పడుతున్నాయి, అన్నాడు బావమరిది, ఫోటో స్టూడియో మూతపడ్డాక ఈ పని నెత్తికెత్తుకున్నవాడు, షెడ్డులో రేకులు కోసే బల్ల మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని, నువ్వు చెప్పు నేను కొడతా, ఏది అసలుదో ఏది అతుకో నీకంటే తెలిసినవాడెవడు, డాక్టరుగారూ అదే అన్నారు, మేస్త్రి అవునంటే అవును, అంతే, అందుకే పొద్దున్నించి చెబుతున్నాడు, ఈ హ్యాండిలు వేరే బండిది, ఆ దీపం నిన్నగాక మొన్న చేయించింది, ఆ పచ్చరంగు ఆ కారు పుట్టి బుద్ధెరగదు, అబద్ధం, అబద్ధం, ఇదీ అబద్ధమే.

తర్వాతది వచ్చింది, నల్ల కారు, బానెట్ పక్కరేకు మీద గాలి ఆడటానికి వాలుగా నాలుగు చీలికలు, దాని కింద డాక్టరు రాసింది బావమరిది చదివాడు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు రేకు, అందరూ దీన్నే చూసి చేయించుకోవాలి, మేస్త్రికి ఆ రేకు తెలుసు, ఆ చివరి చీలిక అంచు మడిచేటప్పుడే బొటనవేలు తెగింది, ఇరవై రెండేళ్ల కిందట, పాత రేకు చేతిలో ఎండుటాకులా రాలిపోయింది, మూడు చీలికల గుర్తులే మిగిలాయి, ఆ పక్కన తుప్పు తినేసిన చోట ఇంకోటుండేదో లేదో ఎవడికి తెలుసు, నాలుగైతే కంటికి నిండుగా ఉంటుందని నాలుగు కోశాడు, ఓనరు వేలితో లెక్కపెట్టి ఏం మేస్త్రీ, ముందూ నాలుగేనా అంటే, నాలుగే సార్, అనుమానమెందుకు అన్నాడు, ఎంత ధీమాగా అన్నాడు.

ఇది అసలుదేగా బావా, టిక్కు పెట్టేయనా, దీన్ని చూసి ఇప్పటికే పదకొండుమంది కోయించుకున్నారట, ఇదిగో ఈవిడెవరో టీచరమ్మ, మాదీ ఇదే రకం, మా నాన్న కొన్న రోజు నుంచి ఎవరూ సుత్తి పెట్టని బండి, దీనికి మూడే ఉన్నాయి, మాదాన్లోనే ఏదో లోపమున్నట్టుంది, మేస్త్రిగారు సరేనంటే రేపు నాలుగోది కోయిస్తాను అని రాసింది, పాపం నీ మాట కోసమే కాచుక్కూచుంది, మేస్త్రికి డాక్టరు మీద మండింది, వెనకా ముందూ చూడకుండా కత్తెర పట్టిన ఆ పదకొండుమంది గొర్రెల మీద మండింది, ఆ మంట ఎటూ పోలేక తిరిగి తన మీదికే వచ్చింది, మూడే అని కొట్టు, ఏంటి బావా, మూడేరా, నాలుగోది నేను ఊహించి కోసింది, నా పేరు పెట్టే కొట్టు, నీకేమన్నా పిచ్చా, రేపట్నించి నీ మాట ఎవడన్నా వింటాడా, వినకపోతే మానె, ముందు ఆవిడకి కొట్టు, ఆ బండి జోలికి పోవద్దను, తర్వాత నన్ను ఎంతసేపు తిడతావో తిట్టు.

బావమరిది గొణుక్కుంటూ మీటలు నొక్కుతుంటే మేస్త్రి మొహం స్క్రీనుకి ఆనించి ఆ చీలికలో ఒక్క వంకర కోసం వెతికాడు, గీత తప్పలేదు, అంచు లేవలేదు, పక్క మూడింటికి తోబుట్టువులా ఉంది, పొద్దున్నించి తాను ఛీ కొట్టినవన్నీ చేతకానివాళ్ల అబద్ధాలు, చూడగానే దొరికాయి, ఎవరి బండికీ గాటు పెట్టలేదు, పదకొండు బళ్లని కోసింది మాత్రం వంక పెట్టడానికి వీల్లేని తన పనితనమే.