కొరివి పడవెక్కిన రోజు

సాయంత్రం ఏడు కొడితే మొగిలిపాళెంలో కుక్కలు కూడా మొరగడానికి మొహమాటపడేవి. ఆ వేళకు ‘కొరివి’ సీరియల్ మొదలవుతుంది. పులికాట్ సరస్సు ఒడ్డున నూట ఇరవై గడపల పాళెం అది. టీవీలు చాలా ఇళ్లలో ఉన్నాయి. అయినా ఊరి పెద్ద ఓబులేసు వసారాలో ఉన్న టీవీ తలుపంత వెడల్పుంటుంది కాబట్టి జనమంతా అక్కడే చేరేవారు.

సీరియల్లో కొరివి అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు ఎవరి మాటా వినడు. ప్రిన్సిపాల్ కుర్చీని మూడో అంతస్తు మీంచి కిందికి తోశాడు. తాసిల్దారు జీపుకు నిప్పంటించాడు. చిన్నప్పుడు బాలనేరస్థుల హోమ్ నుంచి రెండుసార్లు గోడ దూకి పారిపోయాడు. కన్నతండ్రినే పట్టుకుని “నువ్వెవరు నాకు చెప్పడానికి?” అని నిలదీసిన రోజున ఓబులేసు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“పుడితే అట్టాంటోడు పుట్టాల. పెద్దోళ్లు తప్పు చేస్తే మొహానే అడిగేస్తాడు. మన పాళెంలో ఉండారా అట్టాంటోళ్లు ఒక్కరైనా?” అని అడిగేవాడు.

ఒకరు ఉన్నారు. పేరు దుర్గ. పడవెక్కొద్దని పెద్దలు ఆమెకు దురాయి వేసి, కట్టడి చేసి అప్పటికి రెండు వారాలైంది.

దుర్గ తండ్రి మునెయ్య ఎండాకాలంలో పడవ మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆరు నెలలు మంచం దిగొద్దని డాక్టర్లు చెప్పారు. తల్లి పిచ్చమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. గంపలోకి చేపలు రావాలంటే మాత్రం ఎవరో ఒకరు సరస్సులోకి వెళ్లాలి. పంతొమ్మిదేళ్ల దుర్గ చిన్నతనంలో తండ్రి వెంట తిరిగి, అడుగు బురదలో వెదురు గడ గుచ్చి పడవను తోయడం నేర్చుకుంది. వయసొచ్చాక మాన్పించారు. ఇప్పుడిక అడిగేవాళ్లు ఎవరులే అనుకుని, ఒక తెల్లవారుజామున పడవ తోసుకుపోయింది. మూడు రోజులు చేపలు బాగానే పడ్డాయి. నాలుగో రోజు పెద్దలు కూర్చున్నారు.

“ఆడది పడవెక్కితే సరస్సు అలుగుతాది” అన్నాడు ఓబులేసు.

“నీతో చెప్పిందా మామా?” అని అడిగింది దుర్గ.

పెద్దల మొహానే అడిగేసిన ఈ పొగరుకు పెద్దలు నివ్వెరపోయారు. ఇంకా చాలా మాట్లాడాల్సింది కానీ, ఏడు గంటలకు పది నిమిషాలే ఉండటంతో తీర్పు తొందరగా వచ్చేసింది. దుర్గ పడవెక్కకూడదు. ఎక్కితే ఆ ఇంటికి ఊళ్లో ఎవరూ నీళ్లూ నిప్పూ ఇవ్వకూడదు. పడవ ఊరికే ఒడ్డున పడుంటే ఎండకు పగిలిపోతుందని జాలిపడి, ఓబులేసు దాన్ని తన బామ్మర్ది పెంచలకృష్ణకు అప్పగించాడు. పట్టినదాంట్లో సగం మునెయ్యకు ఇవ్వాలి. ఆ సగం ఎంతన్నది పెంచలకృష్ణే చెప్పేవాడు. న్యాయం ముగిశాక అందరూ వసారాలోకి వెళ్లి, కొరివి జడ్జిగారిని ఎదిరిస్తుంటే చప్పట్లు కొట్టారు.

ఆ నెలాఖరులో సీరియల్ వాళ్లే పాళెంలో దిగారు. పోలీసులు తరుముతుంటే కొరివి ఒంటరిగా పడవ నడుపుకుంటూ సరస్సు దాటిపోయే సీను తియ్యాలట. డైరెక్టర్ బెన్హర్ ఒడ్డంతా తిరిగి చూసి సంబరపడ్డాడు. ఎపిసోడ్ చివర ‘మొగిలిపాళెం పెద్దలకు కృతజ్ఞతలు’ అని ఓబులేసు పేరు వేస్తామన్నాడు. ఓబులేసు ఇంటికెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

కొరివి వేషం వేసే నరేంద్రబాబు నాయుడుపేట బట్టల కొట్టాయన కొడుకు. టీవీలో కనిపించినంత ఎత్తు లేడు. కారు దిగగానే తల్లికి ఫోన్ చేసి, కొబ్బరినీళ్లు తాగొచ్చా, జలుబు చేస్తుందా అని అడిగాడు. ఆమె వద్దందేమో, బోండాం పక్కన పెట్టేశాడు.

“తల్లంటే ఎంత గౌరవమో చూడండి” అని మురిసిపోయాడు ఓబులేసు.

కుర్రాణ్ని పడవెక్కించి గడ చేతికిచ్చారు. నరేంద్రబాబు దాన్ని బురదలో బలంగా గుచ్చాడు. పడవ ముందుకెళ్లింది, గడ వెళ్లలేదు. రెండింటిలో దేన్ని పట్టుకోవాలో కాసేపు తేల్చుకోలేక, చివరికి గడనే నమ్ముకున్నాడు. అది మెల్లగా ఒరిగింది. తాసిల్దారు జీపు తగలబెట్టిన వీరుడు మోకాలి లోతు నీళ్లలో పడి “అమ్మా, మునిగిపోతున్నా” అని కేకలు పెట్టాడు. “లేచి నిలబడండి సార్” అని ఒడ్డు మీది జనం చెబితే లేచి నిలబడ్డాడు.

మరో మూడుసార్లు అలాగే జరిగింది. మధ్యాహ్నానికి బెన్హర్ గొంతు పోయింది. డూపును పెట్టక తప్పదన్నాడు. పాళెంలో మగవాళ్లకు కొదవ లేదు కానీ, వలలు లాగి లాగి వాళ్ల భుజాలు తలుపుల్లా పెరిగాయి. నరేంద్రబాబు చొక్కా ఎవరికీ ఎక్కలేదు.

“సన్నగా, ఇదే ఎత్తులో, పడవ నడిపేవాళ్లు ఒక్కరూ లేరా?” అని అడిగాడు బెన్హర్.

పిచ్చమ్మ గంప దించింది. “మా పాప నడుపుద్ది సార్. పెద్దలు వద్దన్నారు. సరస్సు అలుగుతాదంట.”

బెన్హర్ ఓబులేసు వైపు తిరిగాడు. “సీను కుదరకపోతే ఇంకో ఊరికి పోతామండీ. కృతజ్ఞతలు కూడా ఆ ఊరి వాళ్లకే చెప్పుకోవాలి మరి.”

పెద్దలు జనరేటర్ వ్యాను నీడలో సమావేశమయ్యారు. పావుగంటలో ధర్మసూక్ష్మం దొరికింది.

“ప్యాంటూ చొక్కా ఏసుకుంటాది గదా, మగోడి జుట్టు కూడా పెడతారంట. ఇంక సరస్సుకి తెలిసేదెట్టా? ఎక్కొచ్చు” అన్నాడు ఓబులేసు.

“బాగా ఆలోచించి చెప్పు మామా. ప్యాంటేసుకుంటే అలగదా?” అంది దుర్గ.

“అలగదు. నేను చెప్తుండా గదా!”

“అందరూ విన్నారా?”

అందరూ విన్నారు. సౌండు పెట్టె ముందు కూర్చున్నాయన కూడా చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసి మరీ విన్నాడు.

దుర్గ పడవలో నిలబడి గడ దించింది. నెల రోజుల తర్వాత అరచేతికి వెదురు తగిలింది. రెండు తోపుల్లో పడవ ఒడ్డు వదిలింది, నాలుగో తోపుకి ఆమె నడుముతో పాటు ఊగడం మొదలుపెట్టింది. ఎవరో తరుముతున్నట్టు నటించమన్నారు కానీ ఆమెకు నటించాలన్న సంగతే గుర్తు లేదు. విగ్గు కింద చెమట కారుతున్నా నవ్వాగలేదు. మొహం కెమెరాకు కనబడకూడదు కాబట్టి నవ్వినా ఇబ్బంది లేదు. వెనక పోలీసుల పడవను పెంచలకృష్ణ తోస్తున్నాడు.

“కాస్త మెల్లగా పోమ్మా! పోలీసులు ఫ్రేములోకి రావడం లేదు!” అని మైకులో మొత్తుకున్నాడు బెన్హర్.

సాయంత్రం సామాను సర్దుతుంటే, ఇచ్చిన డబ్బుతో పాటు ఇంకేమైనా కావాలా అని దుర్గను అడిగాడు బెన్హర్. ఆ ప్యాంటూ చొక్కా ఇచ్చేయమంది దుర్గ. అభిమాని అనుకుని, నరేంద్రబాబు జేబు మీద సంతకం కూడా పెట్టిచ్చాడు.

మర్నాడు తెల్లారి పెంచలకృష్ణ ఒడ్డుకు వచ్చేసరికి, దుర్గ అదే ప్యాంటూ చొక్కాతో పడవలో వల సర్దుకుంటోంది.

“దిగుమే!”

“ఎందుకు దిగాల?”

పెంచలకృష్ణ పరుగెత్తుకెళ్లి బావను లేపుకొచ్చాడు. వెనకే సగం పాళెం వచ్చింది.

“ఏందిమే ఇది? షూటింగు కోసమని గదా చెప్పినాం!” అని అరిచాడు ఓబులేసు.

“షూటింగని సరస్సుకి చెప్పినారా మామా?”

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఓబులేసు అటు చూస్తే ఆ నవ్వు ఇంకో వైపు నుంచి వచ్చింది. అప్పుడు పిచ్చమ్మ ముందుకొచ్చి, ఎంతో వినయంగా చేతులు కట్టుకుంది.

“నిన్న అందరి ముందరా నువ్వే అన్నావు గదన్నా. నీ మాట నువ్వే తీసేస్తే రేపట్నుంచి దురాయికి ఇలువేముంటాది?”

ఓబులేసుకు ఈ పాయింటు బలంగా తగిలింది. ఊరి కట్టుబాటును కాపాడాల్సిన వాడు తనేనాయె. “నా మాటంటే మాటే” అని గట్టిగా ప్రకటించి, గెలిచినవాడిలా ఇంటికెళ్లిపోయాడు. పెంచలకృష్ణ కాసేపు నిలబడి, వేరే పని చూసుకున్నాడు. ఆ పొద్దు దుర్గ తిరిగొచ్చాక మునెయ్య మంచం మీంచే, పోయేటప్పుడు గాలి ఎటుందో, గడ ఏ పక్క వేసిందో గుచ్చి గుచ్చి అడిగి, అన్నీ తప్పుగానే చేసిందని తేల్చాడు. ఆ తర్వాత రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మూడు వారాలకు ఎపిసోడ్ వచ్చింది. కొరివి పడవ నడిపిన తీరుకు వసారా దద్దరిల్లింది. “ఆ వీపు నా బిడ్డదే” అని పిచ్చమ్మ చెప్పబోతే, సీరియల్ మధ్యలో మాట్లాడొద్దని కసిరారు. తర్వాత వచ్చిన ఇంటర్వ్యూలో నరేంద్రబాబు, ఈ సీను కోసం పులికాట్‌లో మూడు నెలలు శిక్షణ తీసుకున్నానని, చుట్టూ మొసళ్లు తిరుగుతున్నా లెక్కచేయలేదని చెప్పాడు. సరస్సులో మొసళ్లున్న సంగతి పాళెం జనానికి అప్పుడే తెలిసింది. చివర్లో పడాల్సిన కృతజ్ఞతలూ పడ్డాయి. ఓబులేసు పేరు మాత్రం ‘శ్రీమతి ఓబులమ్మ గారు’ అని వచ్చింది.

తర్వాతి నెలలో, మగదిక్కు లేని మాలకొండమ్మ తన మొగుడి పాత ప్యాంటు కుదించి కుట్టించుకుని దుర్గ దగ్గర గడ వేయడం నేర్చుకోసాగింది. పెద్దలు మళ్లీ కూర్చుని, ప్యాంటుతో ఉంటే అభ్యంతరం లేదని, ఇది తాము ముందే చేసిన ఏర్పాటని చెప్పుకున్నారు.

తడిస్తే ప్యాంటు రాయిలా బరువెక్కుతుంది. చలికాలం వచ్చాక ఒకరోజు దుర్గ విసుగు పుట్టి చుడీదారులోనే వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఓబులేసు ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

“ప్యాంటేదిమే?”

“ఉతికి ఆరేసినా.”

ఓబులేసు సరస్సు వైపు చూశాడు. అది ఎప్పట్లాగే ఉంది. దగ్గాడు. పడవలోకి తొంగి చూశాడు.

“రొయ్య పడిందా?”

“పడింది.”

“రెండు కేజీలు ఇంటికి పంపీ.”

“మనిషిని పంపించుకో మామా, నాకు వల ఆరేసే పనుండాది” అంది దుర్గ.

రొయ్యల కోసం ఆయనే తువ్వాలు చాపి నిలబడ్డాడు.